ఒక్క మడిని చూచి విత్తనము మార్చవచ్చునా?

(వ్యవసాయ విద్యార్థులు, రైతులు కలసిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



అన్నము ఉడికినదో లేదో తెలుసుకొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మనందరికీ తెలిసినదే. కుండ విషయములో ఆ మాట నిజమే. నీరు, వేడి కుండలోని మెతుకులన్నింటికీ ఇంచుమించు సమానముగా అందుచున్నవి గదా! కాని పొలము కుండ వంటిది కాదు. ఒక మూల చవుడు ఉండును, ఇంకొక మూల ఒండ్రు ఉండును. తూము దగ్గర మడికి నీరు పుష్కలము, చివరి మడికి కరువు. ఇట్టి పొలములో ఒక్క మడి పంట తూచి, ఈ విత్తనము మంచిది, అది పనికిరాదు అని తీర్పు చెప్పరాదు. అట్టి తీర్పు నమ్మి మరుసటి సంవత్సరము అయిదెకరాలకు విత్తనము మార్చిన రైతు నష్టపోయినచో, ఆ భారము ప్రయోగము చేసిన విద్యార్థి మీద పడదు. రైతు కుటుంబము మీద పడును. కనుక ప్రయోగ ఫలితాలను ఎట్లు చదువవలెనో నేడు మనవి చేసెదను.

ఒక లెక్క తీసుకొందాము. ఇది మన బోధకొరకు వేసుకొన్న లెక్కయే గాని ఏ ఊరి ఫలితమూ కాదు. ఒక విద్యార్థి పాత వరి రకమును, కొత్త వరి రకమును పక్కపక్క మడులలో జతగా నాటినాడు. అట్టి జతలు ఆరు. ప్రతి మడిలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల చదరమును కోసి, నూర్చి, ఆరబెట్టి తూచినాడు. కిలోలలో వచ్చిన తూకములు ఇవి:

1వ జత: పాతది 13.2, కొత్తది 14.0, తేడా 0.8 ఎక్కువ
2వ జత: పాతది 14.2, కొత్తది 13.8, తేడా 0.4 తక్కువ
3వ జత: పాతది 12.6, కొత్తది 14.0, తేడా 1.4 ఎక్కువ
4వ జత: పాతది 14.9, కొత్తది 15.4, తేడా 0.5 ఎక్కువ
5వ జత: పాతది 13.7, కొత్తది 14.8, తేడా 1.1 ఎక్కువ
6వ జత: పాతది 14.4, కొత్తది 14.0, తేడా 0.4 తక్కువ

ఇటువంటి చదరములు ఎకరానికి సుమారు 162 పట్టును. 3వ జతను మాత్రమే చూచిన రైతు, కొత్త రకము ఎకరానికి 227 కిలోలు ఎక్కువ ఇచ్చినదని ఊరంతా చాటును. 2వ జతను మాత్రమే చూచిన రైతు 65 కిలోలు పోయినవని వాపోవును. ఇద్దరూ అబద్ధము చెప్పుట లేదు. ఇద్దరూ ఒక్కొక్క మెతుకే పట్టి చూచినారు.

ఇప్పుడు పాత రకము అంకెలను మాత్రమే చూడుడు. విత్తనము ఒకటే, ఎరువు ఒకటే, రైతు ఒకడే. అయినను ఒక మడిలో 12.6, ఇంకొక మడిలో 14.9. ఒకే రకములో మడికీ మడికీ 2.3 కిలోల తేడా ఉన్నది. రెండు రకముల సగటులకు మధ్య తేడా 0.5 కిలో మాత్రమే. నేల తెచ్చిన తేడా ఇంత పెద్దదిగా ఉన్నప్పుడు, ఈ అర కిలో విత్తనము ఇచ్చినదా, నేల ఇచ్చినదా? గణాంకశాస్త్రము సమాధానము చెప్పవలసిన ప్రశ్న ఇదియే.

విద్యార్థులు ఈ లెక్కను ఇట్లు చేయవలెను. ఆరు తేడాల సగటు 0.5. ఒక్కొక్క తేడా ఈ సగటునకు ఎంత దూరములో ఉన్నదో చూచి, ఆ దూరములను వర్గము చేసి కూడినచో 2.88 వచ్చును. జతల సంఖ్యలో ఒకటి తగ్గించి, అనగా 5తో భాగించి, వర్గమూలము తీసినచో 0.76. దీనిని 6 యొక్క వర్గమూలముతో భాగించగా 0.31. ఇది సగటు తేడాలో ఉండగల ఊగిసలాటకు కొలత. ఆరు జతలకు పట్టికలో ఉన్న అంకె 2.57. ఈ రెండింటిని గుణించగా సుమారు 0.8 వచ్చును. మనకు వచ్చిన తేడా 0.5, ఇది 0.8 కంటె తక్కువ. కనుక కొత్త రకము మేలని ఈ ప్రయోగము రుజువు చేయలేదు.

రైతు భాషలో చెప్పవలెనన్న, కొత్త రకము వలన ఎకరానికి సుమారు 50 కిలోలు తగ్గుట మొదలు 210 కిలోలు పెరుగుట వరకు ఏదైనను ఈ అంకెలకు పొసగును. ఇంత సందేహము ఉండగా అప్పు తెచ్చి విత్తనము కొనుట తొందరపాటు.

ఈ పట్టికకు మూలమైన లెక్క వేసినవాడు డబ్లిన్ నగరములో గిన్నెస్ బీరు కర్మాగారములో పనిచేసిన విలియం గోసెట్. బార్లీ పరీక్షలలో కొద్దిపాటి తూకములతోనే తీర్పు చెప్పవలసి రాగా, ఆయన ఈ మార్గము కనిపెట్టి 1908లో "స్టూడెంట్" అను మారుపేరుతో ప్రకటించినాడు. ఇంగ్లండులోని రోథాంస్టెడ్ క్షేత్రములో 1843 నుండి గోధుమపై ఎరువుల ప్రయోగములు జరుగుచుండెను. 1919లో అక్కడ చేరిన రోనాల్డ్ ఫిషర్, పొలములో ప్రయోగమును ఎట్లు అమర్చవలెనో శాస్త్రముగా తీర్చిదిద్దినాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివిన మన తెలుగువాడు సి.ఆర్. రావు, ఈ గణాంకశాస్త్రములోనే ప్రపంచఖ్యాతి పొంది 2023లో కన్నుమూసినారు.

ప్రయోగము అమర్చుటలో మూడు నియమములు మరువరాదు.

మొదటిది, ఒక్క మడితో సరిపెట్టక, ఒకే రకమును పలు మడులలో వేయవలెను. ఊగిసలాటను సగానికి తగ్గించవలెనన్న మడులు నాలుగింతలు కావలెను.

రెండవది, ఏ మడిలో ఏ రకము వేయవలెనో చీట్లు వేసి నిర్ణయించవలెను. మనసుకు వదలిపెట్టినచో, కొత్త విత్తనము మీది మక్కువతో దానిని తెలియకుండగనే తూము దగ్గరి మంచి మడిలో వేయుదుము. అప్పుడు గెలిచినది విత్తనము కాదు, మడి.

మూడవది, జతలోని రెండు మడులకు నాటు తేదీ, ఎరువు, కలుపుతీత, నీరు సమానముగా ఉండవలెను. గట్టు పక్కనున్న వరుసలకు ఎండ, గాలి ఎక్కువ. వాటిని వదలి మడి మధ్యలో కోయవలెను. ధాన్యములో తేమను కూడ సరిచూడవలెను. సాధారణముగా 14 శాతము తేమకు లెక్కకట్టి పోల్చుదురు. పచ్చి ధాన్యమును ఎండిన ధాన్యముతో తూచినచో నీటినే పంటగా లెక్కించినట్లగును.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. అనుకొన్నట్లు రాలేదని ఏ తూకమును కొట్టివేయరాదు. ఎలుకలు కొరికిన మడిని వదలదలచినచో, ఆ సంగతి తూచుటకు ముందే పుస్తకములో వ్రాయవలెను. తూచిన తరువాత సాకు వెదకుట శాస్త్రము కాదు.

ఇక రైతులు జాగ్రత్తగా వినవలసినవి మూడు మాటలు.

"రుజువు కాలేదు" అనగా "తేడా లేదు" అని అర్థము కాదు. తీర్పు చెప్పుటకు సాక్ష్యము చాలలేదని మాత్రమే అర్థము. పైన చెప్పిన కొత్త రకము నిజముగా మంచిదే కావచ్చును. దానిని పారవేయక, ఎక్కువ మడులలో మరల పరీక్షించవలెను.

"రుజువైనది" అనగా "లాభము" అనియు అర్థము కాదు. ఎకరానికి 30 కిలోల పెరుగుదల నిస్సందేహముగా తేలినను, విత్తనము ఖర్చు అంతకు మించినచో మనకు మిగులునది లేదు. తక్కెడలో తూగినది చేతిలో మిగులవలెను గదా!

రుజువునకు కూడ హద్దు ఉన్నది. సాధారణముగా వాడు 5 శాతము కొలత ప్రకారము, నిజముగా తేడా ఏమియు లేకున్నను ఇరువది పరీక్షలలో ఒకటి అదృష్టవశమున తేడా ఉన్నట్లు చూపవచ్చును. ఇరువది రకములను పరీక్షించి, గెలిచిన ఒక్కదానిని మాత్రమే చాటుకొనువారిని నమ్మరాదు. ఒక సంవత్సరము వాన వేరు, మరుసటి సంవత్సరము వాన వేరు. కనుక పలుచోట్ల, కొన్ని పంటకాలములు నిలిచిన ఫలితమునకే విలువ.

పరిశోధనా నివేదికలలో పట్టిక అడుగున "సి.డి." అని ఒక అంకె కనిపించును. అది పైన మనము కట్టిన 0.8 వంటిదే. రెండు రకముల దిగుబడులలో తేడా ఆ అంకెను దాటినచో అది లెక్కకు వచ్చు తేడా, దాటనిచో కాదు. "ఎన్.ఎస్." అని ఉన్నచో తేడా రుజువు కాలేదని అర్థము.

ఇకమీదట ఎవరైనను కొత్త విత్తనమో, కొత్త మందో తెచ్చి దిగుబడి అంకె చెప్పినప్పుడు మీరు నాలుగు ప్రశ్నలు అడుగుడు: ఎన్ని మడులలో వేసినారు? చీట్లు వేసి నిర్ణయించినారా? ఎన్ని పంటకాలములు చూచినారు? సి.డి. ఎంత? సమాధానము వచ్చినచో ఆలోచించుడు. రానిచో మీ పొలములో ఒక మూల, పాత రకము పక్కనే జతలుగా నాటి మీరే తూచి చూడుడు. మిగిలిన పొలములో మీకు అలవాటైన విత్తనమే వేసికొనుడు.