శ్రోత వైపు నుంచి రేడియో చరిత్ర

సూరత్ శివారులోని ఇచ్ఛాపూర్‌లో నేడు పట్టాలు అందుకుంటున్నవారిలో చరిత్రను, సమాజశాస్త్రాన్ని, ప్రసార మాధ్యమాలను చదివిన విద్యార్థులు ముందుకు వచ్చి చేపట్టదగిన పరిశోధనాంశం ఒకటి ఉంది. రేడియో వినడం, పాట వినడం కాలక్రమంలో ఎలా మారాయన్నదే ఆ అంశం. దానికి కావలసిన ఆధారాలు దూరదేశపు గ్రంథాలయాల్లో కాక ఈ సూరత్‌లోనే, లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన తెలుగు నేత కార్మికుల జ్ఞాపకాల్లో ఉన్నాయి.

ప్రసార చరిత్రను ఇంతవరకు ఎక్కువగా కేంద్రాల వైపు నుంచే రాశారు. 1927లో బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ ప్రసారాలు మొదలుపెట్టడం, 1936లో ఆల్ ఇండియా రేడియో పేరు స్థిరపడటం, 1938లో మద్రాసు కేంద్రం, 1948లో విజయవాడ కేంద్రం ఏర్పడటం, నిజాం ప్రభుత్వం నడిపిన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలవడం తేదీలతో సహా దొరుకుతాయి. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివారు విజయవాడ కేంద్రంలో చేసిన కృషి కూడా న్యాయంగానే పుస్తకాలకెక్కింది. అయితే ఆ పాటలను ఎవరు, ఎక్కడ, ఏ పని చేసుకుంటూ విన్నారన్న ప్రశ్నకు ఫైళ్లు జవాబు చెప్పవు. శ్రోత చేతిలోనూ చరిత్రను మార్చే శక్తి ఉందనడానికి 1950ల అనుభవమే సాక్ష్యం: సమాచార, ప్రసార శాఖ మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటను దూరం పెట్టగా, శ్రోతలు రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పారు, చివరికి 1957 అక్టోబరు 3న ఆకాశవాణిలోనే సినిమా పాటలకు చోటిస్తూ వివిధభారతి పుట్టింది.

సూరత్ తెలుగువారి విషయంలో, ఏ పని చేసుకుంటూ విన్నారన్న ప్రశ్న మరింత లోతైనది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి వచ్చిన నేత కుటుంబాలకు మొదట తెలిసినది చేమగ్గం. ఇంట్లోనే గుంట మగ్గంలో కూర్చుని నేతగాడు నాడె ఆడిస్తుంటే, పక్కన ఆడవారు కండెలు చుడుతుంటే, ఆ చప్పుడులో మాట వినబడుతుంది, పాట వినబడుతుంది, గూట్లో పెట్టిన రేడియో కూడా వినబడుతుంది. సూరత్‌లో వారు నడిపినది మరమగ్గం, అంటే కార్మికుల మాటల్లో సాంచె. శబ్ద తీవ్రతను డెసిబెల్ అనే ప్రమాణంతో కొలుస్తారు. ఎనిమిది గంటల పనికి మన నిబంధనలు అనుమతించే హద్దు 90 డెసిబెల్స్ కాగా, పదుల కొద్దీ షటిల్ మగ్గాలు ఒకేసారి ఆడే షెడ్డు ఆ హద్దును దాటుతుంది. అక్కడ పక్కవాడితో మాట్లాడాలన్నా చెవి దగ్గరికి వంగి అరవవలసిందే, లేకపోతే సైగ చేయవలసిందే. అందుచేత ఈ కుటుంబాల శ్రవణాన్ని రేడియో నుంచి క్యాసెట్టుకు, క్యాసెట్టు నుంచి ఫోనుకు జరిగిన మార్పుల కంటే, చేమగ్గం నుంచి సాంచెకు జరిగిన మార్పే ఎక్కువగా కుదిపిందని చెప్పడం సమంజసం. పరికరాల వరుసను మాత్రమే చూసే చరిత్రకు ఈ సంగతి అందదు.

దీనికి తోడు పన్నెండు గంటల షిఫ్టు ఉంది. ఉదయం భక్తిరంజని, సాయంత్రం కార్మికుల కార్యక్రమం అన్న రేడియో వేళలు, రాత్రి షిఫ్టు దిగి పగలు నిద్రపోయే మనిషి దినచర్యతో పొసగవు. దూరం మరో అడ్డంకి. 738 కిలోహెర్ట్‌జ్‌పై వచ్చే హైదరాబాద్ కేంద్రం మీడియం వేవ్‌ది. ఈ తరంగాలను పగటిపూట వాతావరణపు పైభాగాన ఉన్న విద్యుదావేశిత పొర ఒకటి పీల్చేస్తుంది, చీకటి పడ్డాక ఆ పొర సన్నగిల్లడంతో అవి ఇంకా పై పొరలను తాకి, వంగి, వందల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతాయి. అంటే 700 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న సూరత్‌లో ఆ తెలుగు స్వరం అందే అవకాశం రాత్రిపూటే ఎక్కువ, సరిగ్గా ఆ వేళకే చాలామంది షెడ్డులో ఉంటారు. 1963లో ఫిలిప్స్ సంస్థ తెచ్చిన క్యాసెట్టు మన దేశంలో 1980లలో చౌకయ్యాక ఈ రెండు ఇబ్బందులూ తీరాయి. ఊరి పాటను సంచిలో వేసుకుని రావచ్చు, షిఫ్టు ముగిశాక వినవచ్చు. మొబైల్ షాపులో మెమరీ కార్డులోకి పాటలు ఎక్కించుకునే అలవాటు, 2016 తరువాత చౌకయిన ఇంటర్నెట్ ఈ వెసులుబాటునే కొనసాగించాయి; ఇయర్‌ఫోన్ మాత్రం పాటను తొలిసారిగా షెడ్డు లోపలికి తెచ్చింది, తెచ్చి ఒక్కడి చెవికే పరిమితం చేసింది. ఆ రొదను మించి వినాలని శబ్దం పెంచుకుంటే వినికిడికి కలిగే హాని కూడా పరిశోధకులు పట్టించుకోవలసిన విషయమే.

నేడు ఏ పాటను ఎన్ని సెకన్లు విన్నారో, ఎక్కడ దాటవేశారో సంగీత యాప్‌లు నమోదు చేస్తున్నాయి, కాని ఆ సమాచారం సంస్థల గుప్పిట్లో ఉంది. ప్రసారాలకు వాడే వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. శ్రోత అలవాట్ల సమాచారం ఎవరి ఆస్తి అన్న ప్రశ్న ఈ తరం విద్యావంతుల ముందున్నది.

అంతకంటే ముందు చేయవలసిన పని మౌఖిక చరిత్ర సేకరణ, అంటే అనుభవించినవారి నోటి మాటను పద్ధతిగా రికార్డు చేసి భద్రపరచడం. ఏ పాట ఇష్టమని అడిగితే సినిమా పేర్లు మాత్రమే వస్తాయి. గదిలో రేడియో ఎక్కడ ఉండేది, ముల్లు తిప్పే హక్కు ఎవరిది, ఇంటి ఆడవారు ఏ వేళ వినేవారు, బ్యాటరీకి డబ్బు ఎవరిచ్చేవారు అని అడగాలి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్న ఈ నగరంలో, తెలుగులో ప్రశ్న వేసి గుజరాతీలో వ్యాసం రాయగల విద్యార్థులకు కొదవ ఉండకూడదు. 1970లలో ఇరవై ఏళ్ల వయసులో సూరత్ చేరినవారు ఇప్పుడు డెబ్బైకి అటూ ఇటూగా ఉన్నారు కనుక, ఈ సేకరణ రానున్న కొద్ది సంవత్సరాలలోనే జరగాలి.