కాజు కత్లీ మనకి, పొగ ఎవరికి? పలాస గాలి కథ



ఈరోజు జీడిపప్పుతో మొదలుపెడదాం. పెళ్లిలో కాజు కత్లీ రెండోసారి అడిగి వేయించుకుంటాం. బిర్యానీలో జీడిపప్పు ఏరుకుని మరీ తింటాం. పప్పు పలాసది అంటే ఇంకో మాట లేకుండా కొనేస్తాం. మరి ఆ పప్పు తెల్లగా బయటికి రావడానికి పలాస-కాశీబుగ్గలో ఎవరు ఏం పీలుస్తున్నారు? ఇవాళ టాపిక్ అదే.

ముందు పని ఎలా జరుగుతుందో చూద్దాం. జీడిపిక్క పెంకులో ఒక నూనె ఉంటుంది. చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది. అందుకే పిక్కని ముందు వేడి చేసి, తర్వాత పగలగొడతారు. పాత పద్ధతిలో డ్రమ్ములో వేసి కాల్చేవారు. ఆ నూనె మండి నల్లటి ఘాటు పొగ వచ్చేది. కళ్ళు మంట, గొంతు మంట, దగ్గు. తర్వాత చాలా యూనిట్లు ఆవిరి మీద ఉడికించే పద్ధతికి మారాయి. మంచి మార్పే. కానీ ఇక్కడో మెలిక ఉంది. ఆవిరి కావాలంటే బాయిలర్ ఉండాలి, బాయిలర్ కింద మంట ఉండాలి. చౌకగా చేతిలో ఉన్న ఇంధనం ఏంటి? ఆ జీడి పెంకే! నూనె తీయకుండా దాన్ని పొయ్యిలో వేస్తే, పాత పొగే ఇప్పుడు చిమ్నీలోంచి వస్తుంది.

ఇక టెక్కలి వైపు వెళ్తే గ్రానైట్. ఇక్కడి నీలి రాయి విదేశాలకి కూడా పోతుంది. రాయి డ్రిల్ చేసేటప్పుడు, కోసేటప్పుడు లేచే సన్నటి దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. పాడైన ఊపిరితిత్తిని మళ్ళీ మామూలుగా చేసే మందు లేదు. అదే నీళ్లు పోస్తూ డ్రిల్ చేస్తే దుమ్ము చాలావరకు అక్కడే అణిగిపోతుంది. అంటే దీనికి రాకెట్ సైన్స్ అక్కర్లేదు, నీళ్లు, పైపు, కాస్త ఖర్చు చాలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. లాభం ఎవరికి, దగ్గు ఎవరికి? పప్పు తినేది హైదరాబాద్‌లో, రాయి పరిచేది ఎక్కడో పెద్ద బిల్డింగ్‌లో. గాలి మాత్రం పిక్కలు కొట్టే అక్కలు, క్వారీ కూలీలు, ఆ పక్కన ఇల్లు ఉన్నవాళ్లు పీలుస్తారు. దీన్నే పర్యావరణ న్యాయం సమస్య అంటారు. ఉద్దానంలో ఇప్పటికే ఇంటింటా కిడ్నీ రోగం భయం ఉంది. దానికి పొగే కారణం అని నేను అనడం లేదు, అసలు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. కానీ డయాలసిస్‌కి తిరుగుతున్న ఇంటి మీద ఇంకో రోగం భారం వేయకూడదు కదా!

ఈ నేల ఊరికే కూర్చోలేదు. సోంపేట బీల భూముల్లో బొగ్గు పవర్ ప్లాంట్ వద్దని జనం లేచారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ఆ ప్లాంట్ పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరిలో టెక్కలి దగ్గర కాకరాపల్లిలో ఇంకో థర్మల్ ప్లాంట్ విషయంలో మళ్ళీ కాల్పులు, మళ్ళీ చావులు. నీళ్లు, గాలి, బతుకు కోసం మనవాళ్లు అంత మూల్యం కట్టారు.

"అయితే ఫ్యాక్టరీలు మూసేయమంటావా?" అని కామెంట్ పెడతారు, తెలుసు. వద్దు. పిక్కల పని మీదే ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. మూస్తే ముందు నష్టపోయేది ఆ ఆడవాళ్లే. పెంకుని పచ్చిగా కాల్చకుండా నూనె మిల్లుకి అమ్మొచ్చు. ఆ నూనె పెయింట్లలో, బ్రేక్ లైనింగుల్లో వాడతారు, డబ్బులూ వస్తాయి. చిమ్నీకి ఫిల్టర్, షెడ్డులో గాలి ఆడే ఏర్పాటు, గ్లౌజులు, ఏడాదికోసారి ఊపిరితిత్తుల పరీక్ష. చిన్న యూనిట్ యజమాని ఒక్కడే ఇదంతా మోయలేడు, నిజమే. అందుకే పప్పు టన్నుల్లో కొనే పెద్ద బ్రాండ్లు, స్వీట్ షాపులు కూడా "ఈ పప్పు ఏ పొగలో తయారైంది?" అని అడగాలి, కిలోకి కొంత ఎక్కువ ఇవ్వాలి. ఏటా ఊరికి ఒక వాటర్ ప్లాంట్ ఇచ్చి ఫొటో దిగితే చిమ్నీ బాధ్యత తీరిపోదు.

మన చేతిలో ఏముంది? స్వచ్ఛమైన గాలి, నీరు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. 1981 వాయు కాలుష్య చట్టం ప్రకారం ఇలాంటి యూనిట్లకి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి, ఆ అనుమతిలో షరతులుంటాయి. సమాచార హక్కు కింద ఆ కాపీ అడగండి. పొగ వచ్చిన తేదీ, టైమ్, వీడియో దాచుకోండి. పదిమంది సంతకాలతో కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక్క జాగ్రత్త: అక్కడ పనిచేసే అక్క ముఖం వీడియోలో పెట్టకండి, ఆమె కూలి పోతుంది.

మీ ఊళ్లో చిమ్నీ ఏ టైమ్‌కి పొగ వదులుతుందో కామెంట్‌లో రాయండి. ఈ వీడియో పలాసలో కన్నా పప్పు తినే ఊళ్లలో ఎక్కువ షేర్ చేయండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.