ఏరు అంటే నీళ్లు
(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత ప్రాథమికోపాధ్యాయుని ప్రసంగ పాఠం)



పెన్షన్ దయాభిక్ష కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కనుకనే ఈ రోజు మనకు పండుగ. కరువు భత్యం సంగతులు కార్యదర్శి గారు చెప్పారు. నేను బతుకంతా చిన్న పిల్లలకు ఓనమాలు దిద్దించిన వాణ్ణి. నాకు తెలిసిన ముచ్చటే చెబుతాను.

1974లో ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు ఒక గోండు గూడెంలో నా మొదటి ఉద్యోగం. ఏకోపాధ్యాయ పాఠశాల. తరగతులు ఐదు, నల్లబల్ల ఒకటి, పంతులు ఒక్కడు. మూడో తరగతికి ఎక్కాలు చెప్పి వెనక్కి తిరిగితే ఒకటో తరగతి సగం నిద్రలో, సగం ఇప్పచెట్టు కింద ఉండేది. పత్తి తీసే రోజుల్లో బడి సగం ఖాళీ. దీపావళి ముందర దండారి మొదలైతే పిల్లలంతా గుస్సాడీల వెంటే. హాజరు పట్టీ ముందు పెట్టుకొని నేనొక్కణ్ణే కూర్చునేది.

సంతోషాలు లేకపోలేదు. పొద్దున్నే నా బల్ల మీద గుప్పెడు రేగుపండ్లు పోసి సిగ్గుతో పారిపోయే పిల్ల ఉండేది. 'అ' మొదటిసారి గుండ్రంగా వచ్చిన నాడు, అది చెరిగిపోతుందని పలకను రెండు చేతుల మీద మోసుకొని ఇంటికి పోయిన పిల్లవాడు ఉండె. ఆ సంతోషం ఏ ఇంక్రిమెంటూ ఇయ్యలేదు.

ఇక నా తప్పు చెప్పుకుంటాను. ఒకనాడు బల్ల మీద 'ఏరు' అని రాసి, అంటే ఏమిటని అడిగాను. ముందు వరుసలోని పిల్లవాడు లేచి మూలనున్న మంచినీళ్ల కుండను చూపించాడు. మిగతా పిల్లలు నవ్వారు. నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకొని రెండు దెబ్బలు వేశాను. మర్నాడు వాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడో రోజు సాయంత్రం వాళ్లింటికి పోయాను. వాని తల్లి నన్ను మంచం మీద కూర్చోమని, చెంబుతో నీళ్లు తెచ్చి ఇస్తూ 'ఏర్' అన్నది. చెంబు చేతిలో పట్టుకొని ఎంతసేపు కూర్చున్నానో గుర్తు లేదు. గోండీలో ఏర్ అంటే నీళ్లు. వాడు సరిగానే చెప్పాడు. తెలియనిది నాకు.

నాలుగో రోజు వాడు వచ్చాడు. కాని ఆ ఏడంతా నా ప్రశ్నకు తనంతట తాను చెయ్యి ఎత్తలేదు.

తర్వాత నేనొక నోటుబుక్కు పెట్టుకొని పిల్లలనే గురువులుగా చేసుకొని గోండీ మాటలు రాసుకున్నాను. రోన్ అంటే ఇల్లు, నార్ అంటే ఊరు. నేను తప్పు పలికితే తరగతి అంతా నవ్వేది. వాళ్ల నోళ్లు తెరుచుకున్నది ఆ నవ్వులతోనే. తర్వాత ఎన్నడో తెలిసింది: 1943లోనే మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గారి పూనికతో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైందని, నాగరి లిపిలో గోండీ వాచకాలు కూడా వేశారని. నా బెత్తం కంటే ముప్పై ఏండ్ల ముందటి సంగతి అది. నా నియామక పత్రంతో పాటు ఆ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

పదేండ్ల తర్వాత బదిలీ మీద సొంత జిల్లా కరీంనగర్ వచ్చాను. ఇక్కడ అందరిదీ తెలుగే కదా అనుకున్నాను. వాచకంలో బొమ్మ చూపిస్తే ఒక పిల్ల 'మక్కకంకి' అన్నది. పుస్తకంలో 'మొక్కజొన్న' అని ఉన్నది. 'ఉల్లిపాయ' చూపిస్తే 'ఉల్లిగడ్డ' అన్నది. ఎర్ర పెన్ను చేతిలోకి తీసుకున్నాను గాని, ఆ కుండ యాదికొచ్చి ఆగిపోయాను. రెండు మాటలూ బల్ల మీద పక్కపక్కన రాశాను.

నేను 2009లో రిటైరయ్యాను. పిల్లలను కొట్టరాదన్న విద్యాహక్కు చట్టం వచ్చిందీ ఆ ఏడే. 2022-23 నుంచి మన సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. మంచిదే, మన పిల్లలు ఎందులోనూ తక్కువ కావొద్దు. కాని ఇప్పుడు ప్రతి బడిలోనూ ఆ కుండ వైపు వేలు చూపించే పిల్లవాడు ఉన్నాడు. వానికి వస్తువు తెలుసు, పంతులు అడిగిన మాట తెలియదు.

అందుకే మనబోటి వాళ్లకు ఒక మనవి. మీ ఊరి బడికి వారానికి ఒక గంట పోండి. పాఠం చెప్పనక్కర లేదు, పిల్లలు చెప్పింది వినండి. ఇంట్లో మనుమడు 'మక్కకంకి' అంటే నవ్వకండి. వాడు చెప్పింది తప్పని అనే ముందు, ఏ భాషలో ఒప్పో ఒక్కసారి అడగండి. నేను ఆనాడు అడగలేదు.