ఒకే ఊరు, ముప్పై ఏళ్ళ తేడా

నేను కరీంనగర్‌లో ఐటీఐ చదివి, ఇప్పుడు చికాగోలో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నా.

ఇవాళ ఒక లెక్క చెప్తా. చికాగోలో స్ట్రీటర్‌విల్ అని సరస్సు ఒడ్డున టవర్ల ఏరియా ఉంది. అక్కడే పెద్దాసుపత్రి. అక్కడివాళ్ళ సగటు ఆయుష్షు దాదాపు 90 ఏళ్ళు. దక్షిణంగా తొమ్మిది మైళ్ళు పోతే ఎంగిల్‌వుడ్. అక్కడ దాదాపు 60. న్యూయార్క్ యూనివర్సిటీ వైద్య కళాశాల 2019లో తేల్చిన లెక్క ఇది. అమెరికాలోని 500 పెద్ద నగరాల్లో ఇంత తేడా ఇంకెక్కడా లేదన్నారు. అంటే మైలుకి మూడేళ్ళు పోతున్నట్టు.

ఎందుకంటే, ఎంగిల్‌వుడ్‌లో ఎక్కువమంది నల్లజాతి వాళ్ళు. అలాంటి పేటలకు ఒకప్పుడు బ్యాంకులు ఇంటి లోన్లు ఇవ్వలేదు. పెట్టుబడి పోయింది, పనులు పోయినయ్. 2016లో ఒక పెద్ద కిరాణా స్టోర్ వచ్చింది, 2022లో దాన్నీ మూసేశారు. తాజా కూరగాయ దూరమైతే బీపీ, షుగర్ దగ్గరైతయ్.

ఇది మన కథ కాదనుకోవద్దు. మనమూ కిరాయి తక్కువని దూరం పేటల్లోనే ఉంటాం. రెండేళ్ళ కింద మా సైట్‌లో ఒక తమ్ముడికి ఛాతీలో మంట లేచింది. "గ్యాస్ అన్నా, తగ్గిపోతది" అన్నాడు. ఇన్సూరెన్స్ లేదు, బిల్లంటే భయం. నాకేమో ఆ రోజు స్లాబ్ పోయాలి. "సరే" అన్నా. రాత్రికి అంబులెన్స్ వచ్చింది. ప్రాణం దక్కింది గానీ గుండె దెబ్బతింది, ఇక బరువు ఎత్తొద్దన్నారు. ఆ "సరే" నేటికీ నా చెవుల్లో మోగుతది.

అప్పుడు నాకు తెలియనిది ఇప్పుడు మీకు చెప్తున్నా. 1986 నాటి చట్టం ప్రకారం, మెడికేర్ డబ్బు తీసుకునే ఆసుపత్రుల ఎమర్జెన్సీలో ముందు పరీక్ష చేయాలి, ప్రాణాపాయం ఉంటే పరిస్థితి నిలకడగా అయ్యేదాకా చూడాలి. డబ్బుల్లేవని తిప్పి పంపొద్దు. బిల్లు తర్వాత వస్తది, నిజమే. అప్పుడు ఆర్థిక సాయం ఫారం అడగండి. మామూలు బీపీ, షుగర్‌కైతే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లున్నయ్, ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు.

గల్ఫ్‌లో రూల్స్ వేరు, భయం ఒకటే. సూపర్‌వైజర్లకు నా మాట: స్లాబ్ రేపైనా పోయొచ్చు, మనిషిని ఇవాళే పంపండి. మళ్ళీ కలుద్దాం, పైలం.