150 దిర్హమ్‌ల సీటు

 

ఈసారి ముచ్చట టికెట్ల గురించి. విమానం టికెట్ కాదు, పాటల ప్రోగ్రాం టికెట్. ఆ మధ్య దుబాయ్‌లో మనోళ్ల సినిమా పాటల నైట్ ఒకటి పెట్టారు. పోస్టర్ మా రూమ్ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. అన్నిటికంటే వెనక సీటు 150 దిర్హమ్‌లు. ముందు వరుసలో సోఫా అయితే 1,500. మా రూమ్‌లో బేసిక్ వెయ్యి దాటినవాడు ఒక్కడే. 150 అంటే ఇంటికి పంపితే దాదాపు మూడున్నర వేల రూపాయలు. ఆ లెక్క వేసుకోకుండా మనలో ఎవరూ వంద నోటు బయటికి తీయరు కదా.

ఇది మన ఒక్కరి బాధే కాదు. 2024లో ఇంగ్లండ్‌లో ఒయాసిస్ బ్యాండ్ మళ్లీ కలిసి పాడతామంటే జనం గంటలకు గంటలు ఆన్‌లైన్ క్యూలో నిలబడ్డారు. తీరా వంతు వచ్చేసరికి, 150 పౌండ్లలోపు ఉంటుందనుకున్న టికెట్ 355 చూపించింది. అది కూడా నిలబడి చూసే టికెట్! గిరాకీని బట్టి రేటు పెంచే పద్ధతి అది. మనకు కొత్తేం కాదులెండి, సంక్రాంతి ముందు ఫ్లైట్ టికెట్లు చూసినవాళ్లమే.

ఎందుకిలా? ఒకప్పుడు క్యాసెట్ కొంటే పాటగాడికి నాలుగు పైసలు దక్కేవి. ఇప్పుడు పాట ఫోన్‌లో ఫ్రీ. డేవిడ్ బౌవీ అనే ఇంగ్లండ్ గాయకుడు 2002లోనే ఈ మాట చెప్పాడు: పాట కుళాయి నీళ్లలా అయిపోతుంది, ఊరూరా తిరిగి కచేరీలు చేసుకోవడానికి సిద్ధంగా ఉండండి అని. అదే జరిగింది. పైగా హైదరాబాద్ నుంచి సింగర్ ఒక్కడే రాడు. వాయించేవాళ్లు, కోరస్, సౌండ్ వాళ్లు, అందరికీ ఫ్లైట్, వీసా, హోటల్. హాలు కిరాయి, లైట్లు, స్క్రీన్లు. 2018 నుంచి ఇక్కడ 5 శాతం వ్యాట్. పాటల హక్కుల గొడవ ఇంకోటి. 2017లో బాలు గారు 50 ఏళ్ల పాటల టూర్‌లో ఉండగానే ఇళయరాజా గారి తరఫున లీగల్ నోటీసు వచ్చింది, ఆ పాటలు స్టేజీ మీద పాడొద్దని.

కాబట్టి రేటు పెట్టినవాళ్ల మీద నాకు కోపం లేదు. ఒక్కటే మింగుడు పడదు. ఇదివరకు స్పాన్సర్ల పాసులు మన కిరాణా కొట్టు దాకా వచ్చేవి. ఇప్పుడవి ముందు సోఫాల దగ్గరే ఆగిపోతున్నాయి. సగం సోఫాలు ఖాళీ, వెనక జనం మెడలు సాచి చూస్తుంటారు.

మా రూమ్‌లో ఒక అన్న ఉన్నాడు, పేరు చెప్పొద్దన్నాడు. జగిత్యాల దిక్కు. 19 ఏళ్లు షట్టరింగ్ పని చేసి, వచ్చే నెల క్యాన్సిల్ కొట్టి ఇంటికి పోతున్నాడు. పనిలో పాడుతూనే ఉంటాడు, ఫోర్‌మన్ అరిచినా ఆపడు. కానీ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా హాల్లో కూర్చుని పాట వినలేదు. మిగిలిన ఏడుగురం తలా 25 వేసి 175 చేశాం. తీసుకోలేదు.

"గా పైసలతోని మనుమరాలికి పట్టగొలుసులు రావా?" అన్నాడు.

స్పీకర్‌లో వదిన విన్నది. "పందొమ్మిదేండ్లు మాకే పంపినవ్. ఒక్కనాడు నీ కోసం పో," అని గట్టిగానే అన్నది. ఇక మారు మాట్లాడలేదు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పోయాడు.

తిరిగొచ్చేసరికి రాత్రి రెండు. మెట్రో బంద్, సోనాపూర్ దాకా టాక్సీకే 48 అయ్యిందట. మేమంతా మేలుకునే ఉన్నాం. సింగర్ బొటనవేలంత కనిపించాడట, ఎక్కువసేపు స్క్రీనే చూశాడట. "కానీ తమ్మీ, డప్పు కొడుతుంటే నా రొమ్ముల కొట్టినట్టే అయింది. ఫోన్‌ల గది రాదు," అన్నాడు. పక్క సీట్లో ఎవరో ఆఫీసు సారు. ఒక పాటకు ఇద్దరూ లేచి గొంతు కలిపారట. ఆ సారు పేరు అడగడం మర్చిపోయానని ఇప్పటికీ అంటుంటాడు.

అంత పెట్టలేమనుకునేవాళ్లకు గ్లోబల్ విలేజ్ ఉంది. చలికాలం సీజన్‌లో 30 దిర్హమ్‌ల చుట్టుపక్కల ఎంట్రీ టికెట్, లోపల పెద్ద స్టేజీ మీద పాటలకు వేరే టికెట్ ఉండదు. వాట్సాప్‌లో ఎవరో అమ్మే టికెట్ మాత్రం కొనకండి. ఒకే క్యూఆర్ ఫోటో పదిమందికి పంపుతారు, గేటు దగ్గర ముందు స్కాన్ అయినవాడే లోపలికి పోతాడు.

మీరు చూసిన ప్రోగ్రాం ఏది, ఎంత పెట్టారు, వాయిస్ మెసేజ్ పంపండి. అన్న ఫ్లైట్ వచ్చే నెల 12న. ఆ ముందు ఆదివారం రాత్రి మా మెస్‌లో ఆయనే పాడతాడు. టికెట్ లేదు. దగ్గర్లో ఉన్నవాళ్లు రండి, ప్లేటు మాత్రం మీరే తెచ్చుకోవాలి.