మైకు దించే వేళ

 

నీ వృత్తి గురించి నాలుగు ముక్కలు మాట్లాడరా అన్నాడు మన కార్యదర్శి. వంతెనల గురించి మొదలుపెడితే భోజనాల వేళకి ముందే సగంమంది లేచిపోతారు. అందుకని జీతంలేని నా రెండో ఉద్యోగం గురించి చెబుతాను. ఇరవై రెండేళ్లుగా మన పూర్వ విద్యార్థుల క్రికెట్ మ్యాచ్‌కి కామెంటరీ నాదే కదా.

ఆ పిచ్చి పట్టించింది రేడియో. 1983లో కపిల్‌దేవ్ జట్టు ప్రపంచ కప్ గెలిచిన రాత్రి, అప్పుడే పదో తరగతిలోకి వచ్చిన మేమంతా హాస్టల్ వార్డెన్ గారి ట్రాన్సిస్టర్ చుట్టూ ఉన్నాం. ఆట కళ్లకి కనబడదు. ఎవరో చెబుతుంటే మనమే ఊహించుకోవాలి. ఆ గొంతు మీద ఎంత నమ్మకం ఉండేదో!

పోయిన ఏడాది మ్యాచ్‌ని ఒక జూనియర్ ఫోన్‌లో రికార్డు చేసి పంపాడు. నలభై నిమిషాలు విన్నాను. "మా రోజుల్లో" అనే మాట పదిహేడుసార్లు వచ్చింది. బౌలర్ పేరు నాలుగుసార్లే చెప్పాను. మన అమ్మాయి బ్యాటింగ్‌కి వస్తే "బ్యాట్స్‌మన్" అన్నాను. ఎంసీసీ 2021లోనే ఆట నియమాల్లో ఆ మాట తీసేసి "బ్యాటర్" అని మార్చింది.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి ఉంది. మా బ్యాచ్‌వాడి కొడుకు రివర్స్ స్వీప్‌తో ఫోర్ కొట్టాడు. "ఇదేం గల్లీ ఆటరా బాబూ, బ్యాటు తిన్నగా పట్టుకో" అన్నాను మైకులో. గ్రౌండంతా నవ్వింది. కుర్రాడు మళ్లీ ఆ షాట్ జోలికి పోలేదు, రెండు ఓవర్ల తర్వాత తిన్నగా ఆడబోయి క్యాచ్ ఇచ్చాడు. రాత్రి వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఆ షాట్ కోసం వాడు మూడు నెలలు నెట్స్‌లో చెమటోడ్చాడురా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇది వయసు దోషం అనను. జాన్ ఆర్లట్ 1946లో మన జట్టు ఇంగ్లండ్ వెళ్లినప్పుడు బీబీసీలో కామెంటరీ మొదలుపెట్టి, 1980లో లార్డ్స్ శతాబ్ది టెస్టులో ఆపేశాడు. అప్పటికి అరవై ఆరేళ్లు, ఇంకా వినాలనిపించే గొంతు. చివరి వంతు అయిపోగానే వీడ్కోలు మాట ఒక్కటీ లేకుండా, తర్వాత మాట్లాడేది ఎవరో చెప్పి లేచిపోయాడు. మైదానంలో ఆటగాళ్లు ఆట ఆపి చప్పట్లు కొట్టారు. ఇయాన్ చాపెల్ నలభై అయిదేళ్లు చెప్పి, 2022లో డెబ్బై ఎనిమిదో ఏట తనంతట తానే మానుకున్నాడు.

అసలు చిక్కు ఆట మారడంలో ఉంది. ఒకప్పుడు కాలు బాగా ముందుకు చాపి ఆడితే ఎల్బీడబ్ల్యూ ఇవ్వడానికి అంపైర్లు జంకేవారు. 2008లో మన శ్రీలంక పర్యటనలో డీఆర్ఎస్‌ను తొలిసారి వాడి చూశారు. తర్వాత తర్వాత బంతి దారి తెరమీద గీసి చూపిస్తుంటే, వాటిలో చాలా బంతులు వికెట్లకు తగిలేవేనని తేలింది. ఇప్పుడు ధైర్యంగా వేలెత్తుతున్నారు. "కాలు ముందుకేశాడు, ఔటెలా ఇస్తారు" అని నేనింకా మైకులో అంపైర్‌తో తగాదా పడుతున్నాను.

మా వృత్తిలో ఈ బాధ తక్కువ. నేను చదువుకున్నది 1978 నాటి ఐఎస్ 456. రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటుకి ఎం15 చాలనేది. 2000లో కొత్తది వచ్చి, ఎం20కి తగ్గకూడదంది. నా అనుభవం ప్రకారం ఎం15 చాలని నేనంటే డ్రాయింగ్ వెనక్కి కొట్టేస్తారు. కామెంటేటర్‌కి అలాంటి పుస్తకమేదీ ఇవ్వరు. టీవీవాళ్లకి అలవాటైన గొంతు కావాలి, మనవాళ్లకేమో సీనియర్‌ని నొప్పించడం ఇష్టం ఉండదు. "అన్నా, మీరే చెప్పాలి" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది, ఏం చేస్తాం!

ఆ కుర్రాడు ఇవాళ కూడా ఆడుతున్నాడు. పొద్దున్న నెట్స్ దగ్గర కలిసి, తప్పు నాదేనని చెప్పాను. "పర్లేదంకుల్" అన్నాడు, మొహమాటంగా.

మ్యాచ్ రెండు గంటలకి. నేను స్కోరు పుస్తకం రాస్తాను. కామెంటరీ 2009 బ్యాచ్ అమ్మాయి.