ఎండకు కమిలిన ఒడలు

గత వేసవిలో ధ్వనిముద్రణకై భీమునిపట్టణము సముద్రతీరమున ఒక పగలంతయు నిలిచితిమి. పలుచని మబ్బున్నది గదా యని గొడుగు తీసికొనలేదు. చర్మమును కాల్చునది ఎండ వేడి కాదు, అతినీలలోహిత కిరణములు. వానికి ఆ మబ్బు అడ్డు కాజాలదు. రాత్రికి మెడ, భుజములు కమిలి మండినవి.

అత్తగారు నేతిగిన్నె తెచ్చిరి. జిడ్డు పూసినచో లోని వేడి బయటికి పోదు. కావున ఆ నేయి అన్నములోనికే పోయినది. మంచుగడ్డయు నేరుగా పెట్టరాదు. చన్నీట తడిపిన మెత్తని గుడ్డను 10, 15 నిమిషములు కప్పవలెను. దినమునకు పలుమారు లట్లే చేయవలెను. నీరు విరివిగా త్రావవలెను. పొక్కులు చిదుపరాదు, ఆ పొరయే లోని పచ్చి చర్మమునకు కాపు. మంట మరునాటికి హెచ్చుట సహజమే. కాని జ్వరము, వాంతులు, తలతిరుగుడు కలిగినను, పసిబిడ్డలకు ఒడలు కమిలినను, తెల్లవారువరకు ఆగక వైద్యుని పిలువవలెను.